పసిపిల్లల చెవిపోటు: ముప్పు కారకాల పట్టికపై ఒక విమర్శ

పసిపిల్లలకు వచ్చే వ్యాధులలో జలుబు తరువాత చెప్పుకోదగినది చెవిపోటు. బిడ్డ రాత్రివేళ ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తుంది. చెవి పట్టుకొని లాగుకొంటుంది. ఒళ్లు కాలుతూ ఉంటుంది, పాలు త్రాగదు. ఒకటి రెండు రోజులలో చెవినుండి చీము కారి నొప్పి తగ్గిపోవడం కూడా ఉన్నది. ఇంటిలోని పెద్దలు దీనికి వెంటనే ఒక కారణం చెబుతారు. తలంటు పోసేటప్పుడు చెవిలో నీళ్లు పోయినవనో, చలిగాలిలో తిప్పారనో, బాలింత పథ్యం తప్పిందనో అంటారు. ఏ మాట అన్నా చాలాసార్లు నేరం చివరకు తల్లిమీదనే పడుతుంది.

వైద్యశాస్త్రం కూడా ఈ వ్యాధికి కారణాలు వెదకింది. అయితే అది తొందరపడి "ఇదే కారణం" అనదు. ఒక పరిస్థితి ఉన్నచోట వ్యాధి ఎక్కువగా కనబడితే ఆ పరిస్థితిని "ముప్పు కారకం" అంటుంది. ఇటువంటి ముప్పు కారకాలను ఒకచోట చేర్చి లెక్కగట్టిన రచనలలో పేరుపొందినది 1996లో వెలువడింది. ఫిన్లండు దేశంలోని ఔలు విశ్వవిద్యాలయ శిశువైద్యులు మత్తి ఉహారి, మర్యో నియెమెలా మున్నగువారు దానిని ప్రకటించారు. అంతకుముందు వేరువేరు పరిశోధకులు చేసిన అధ్యయనాల ఫలితాలను వారు కలిపి లెక్కించారు. ఆ పట్టికను నేటికీ వైద్యగ్రంథాలు ఉదహరిస్తున్నవి. దానిని ఎట్లా చదవాలి, ఎంతవరకు నమ్మాలి, తెలుగు పిల్లలకు అది ఎంతవరకు వర్తిస్తుంది అనే ప్రశ్నలు విచారించదగినవి.

చెవిలో జరిగేదేమిటి?

పట్టికను చూడబోయే ముందు వ్యాధి స్వరూపం తెలిసి ఉండాలి. చెవి రంధ్రం లోపలి కొసను మూసి ఉంచే పలుచని పొర కర్ణభేరి. దాని వెనుక ఉన్న చిన్న గాలిగది మధ్యచెవి. ఈ గదికి బయటినుండి ద్వారం లేదు. ముక్కు వెనుక భాగంనుండి ఒక సన్నని నాళం మాత్రం దానిలోనికి పోతుంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రజ్ఞుని పేరిట దీనిని యూస్టేకియన్ నాళం అంటారు. మధ్యచెవికి గాలి అందించడం, అక్కడ ఊరే ద్రవాన్ని బయటకు పంపడం దీని పనులు.

పెద్దవారిలో ఈ నాళం సుమారు 45 డిగ్రీల వాలుతో ఉంటుంది. పసిబిడ్డలో దాని పొడవు పెద్దవారిలో ఉన్నదానిలో సగమే; వాలు సుమారు 10 డిగ్రీలు మాత్రమే. అనగా ఇంచుమించు పడుకొని ఉన్న పొట్టి గొట్టం. జలుబు చేసినప్పుడు దీని లోపలి పొర వాచి గొట్టం మూసుకొనిపోతుంది. మధ్యచెవిలో ద్రవం నిలుస్తుంది. ముక్కులో కాపురముండే న్యూమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా అనే సూక్ష్మజీవులు ఆ ద్రవంలో చేరి పెరుగుతవి. చెవిపోటు అంటే ఇదే. కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం తలంటు నీళ్లు మధ్యచెవిని చేరలేవు. ఈ ఒక్క విషయం తెలిస్తే తల్లులపై పడే నిందలో కొంత అక్కడికక్కడే తొలగిపోతుంది.

పట్టిక చెప్పినది

ఔలు పరిశోధకులు తమ ఫలితాలను "సాపేక్ష ముప్పు" అనే నిష్పత్తితో తెలిపారు. ఒక పరిస్థితి ఉన్న పిల్లలలో వ్యాధి వచ్చే పాలును, అది లేని పిల్లలలో వచ్చే పాలుతో భాగిస్తే ఈ నిష్పత్తి వస్తుంది. అది 1 అయితే తేడా లేదన్నమాట. 1కి మించితే ముప్పు ఎక్కువ. తగ్గితే రక్షణ ఉన్నదని అర్థం.

ఇంటిలో మరొకరికి చెవిపోటు వచ్చి ఉంటే నిష్పత్తి 2.63. ఇంటికి వెలుపల శిశు సంరక్షణ కేంద్రంలో పెరిగితే 2.45. ఎవరో ఒకరి ఇంటిలో కొద్దిమంది పిల్లలతో కలిసి పెరిగితే 1.59. తల్లిదండ్రులు పొగ త్రాగేవారైతే 1.66. పాలు లేని రబ్బరు పీకను నోటిలో ఉంచే అలవాటుంటే 1.24. తల్లిపాలు కనీసం మూడు నెలలు త్రాగిన బిడ్డకు 0.87.

ఈ రచనలో మెచ్చుకోదగిన గుణం స్పష్టత. తలా ఒక మాట చెబుతున్న పెక్కు అధ్యయనాలను ఒక కొలతకు తెచ్చి, ఏది ఎక్కువో ఏది తక్కువో చూపడం చిన్న పని కాదు. ప్రతి అంకెకూ అది ఎంతవరకు అటూ ఇటూ కావచ్చునో కూడా వారు తెలిపారు. శిశు సంరక్షణ కేంద్రానికి చెందిన 2.45 నిజానికి 1.51 నుండి 3.98 వరకు ఎక్కడైనా ఉండవచ్చునని వారి లెక్కయే చెబుతున్నది. ఈ పట్టికను ఎత్తివ్రాసేవారు ఈ రెండు హద్దులను విడిచి నడిమి అంకెను మాత్రమే చెబుతారు. ఆ తప్పు పట్టికది కాదు, చదివేవారిది. అయితే పట్టికలోనే ఉన్న చిక్కులు మూడు కలవు.

మొదటి చిక్కు: నిష్పత్తికి మూలమేది?

అమెరికాలోని బోస్టన్ పరిసరాలలో టీల్, క్లైన్, రోజ్‌నర్ అనే పరిశోధకులు పిల్లలను పుట్టిననాటినుండి ఏడేండ్ల వయసువరకు గమనించి 1989లో ఫలితాలు ప్రకటించారు. అక్కడ మొదటి సంవత్సరం నిండేసరికి నూటికి 62 మందికి ఒకసారైనా చెవిపోటు వచ్చింది. మూడేండ్లు నిండేసరికి నూటికి 83 మందికి వచ్చింది.

ఈ అంకెను, పట్టికలోని అంకెను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఇంటిలోనే పెరిగే నూరుమంది పిల్లలలో 62 మందికి మొదటి ఏడు చెవిపోటు వచ్చిందనుకొందాం. సంరక్షణ కేంద్రంలోని పిల్లలకు ముప్పు 2.45 రెట్లు అంటే, నూరుమందిలో 152 మందికి రావాలి! ఇది అసంభవం. నూరుమందికీ వచ్చినా నిష్పత్తి 1.6 దగ్గరనే ఆగిపోతుంది. అదే బోస్టన్ అధ్యయనంలో, మొదటి ఏడాదిలో మూడుసార్లు లేక అంతకుమించి చెవిపోటు వచ్చినవారు నూటికి 17 మంది. దీనిని మూలంగా తీసుకొంటే 2.45 రెట్లు అంటే సుమారు 42 మంది. ఇది సాధ్యమే.

కనుక సాపేక్ష ముప్పు అనేది ఒక వస్తువు బరువువలె ఎక్కడ తూచినా ఒకటిగా ఉండే గుణం కాదు. దేనిని వ్యాధి అన్నారు, ఎంతకాలం చూచారు, మామూలుగా ఎందరికి వస్తుంది అనేవాటినిబట్టి అది మారుతుంది. ఒకసారి వచ్చిన చెవిపోటును లెక్కించినవారినీ, మాటిమాటికి వచ్చే చెవిపోటును లెక్కించినవారినీ ఒకే గంపలో వేస్తే వచ్చే సగటు ఎవరి బిడ్డకూ సరిగా వర్తించదు. ఉన్నత పాఠశాలలో శాతాలు చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

తల్లిపాల సంగతి కూడా ఇట్లాంటిదే. 1996 నాటి పట్టికలో దాని రక్షణ 0.87, అంటే స్వల్పం. 2015లో ప్రకటించబడిన మరొక సమీక్షలో మొదటి ఆరునెలలు తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వని పిల్లలను విడిగా చూచారు. రెండేండ్ల లోపల చెవిపోటు వచ్చే అవకాశం ఆ పిల్లలలో నూటికి 43 వంతులు తక్కువగా కనబడింది. రెండు సమీక్షలలో లెక్కగట్టిన నిష్పత్తులు ఒకే జాతివి కావు. అయినా తేడా గమనించదగినది. తల్లిపాలలోని గుణం ఈ పందొమ్మిదేండ్లలో మారలేదు. అడిగిన ప్రశ్న మారింది. మూడు నెలలు పాలిచ్చి, నడుమ సీసా కూడా పట్టిన తల్లినీ, ఆరునెలలు తన పాలే ఇచ్చిన తల్లినీ ఒకే గడిలో చేర్చితే నిజం పలచబడిపోతుంది.

రెండవ చిక్కు: కారణమా, తోడుగా నడిచేదా?

పట్టికలో అగ్రస్థానం కుటుంబానిది. అన్నకు చెవిపోటు వస్తే తమ్మునికీ వస్తుందట. కాని ఎందువల్ల? ఇద్దరికీ ఒకే రక్తం ఉన్నందువల్లనా, లేక ఇద్దరూ ఒకే గదిలో నిద్రించి ఒకరి జలుబు మరొకరు పంచుకొన్నందువల్లనా? 2.63 అనే అంకె దీనికి సమాధానం చెప్పదు. పిట్స్‌బర్గ్‌లో కాసెల్‌బ్రాంట్ మున్నగువారు కవల పిల్లలను పరీక్షించి 1999లో ప్రకటించిన అధ్యయనం ఈ ముడిని కొంత విప్పింది. ఒకే అండంనుండి పుట్టిన కవలలు పూర్తిగా ఒకే వారసత్వం గలవారు. రెండు అండాలనుండి పుట్టినవారు మామూలు తోబుట్టువులవంటివారు. ఇరుజంటలూ ఒకే ఇంటిలో పెరుగుతారు. కాబట్టి మొదటి జంటలలో పోలిక ఎక్కువగా ఉంటే అది వారసత్వానికే చెందాలి. మధ్యచెవిలో ద్రవం నిలిచి ఉండే కాలంలో పిల్లలకూ పిల్లలకూ ఉన్న తేడాలలో నూటికి 73 వంతులు, రెండేండ్ల వయసునాటికి, వారసత్వంనుండి వచ్చినవని తేలింది.

దీని అర్థమేమిటి? పట్టికలో పైనున్న కారకం ఎవరూ మార్చలేనిది. క్రిందనున్న పొగాకు పొగ, రబ్బరు పీక, సీసాపాలు మార్చదగినవి. అంకె పెద్దదైనంత మాత్రాన అక్కడ చేయగల పని పెద్దది కాదు. పట్టిక ఈ రెండు జాతులను వేరుచేసి చూపి ఉంటే తల్లిదండ్రులకు మరింత ఉపయోగం కలిగేది.

సంరక్షణ కేంద్రం మాట కూడా ఆలోచించదగినదే. గోడలూ పైకప్పూ చెవిపోటు తేవు. పదిమంది పసివాళ్లు ఒకచోట చేరి ఒకరి జలుబు ఒకరికి అంటించుకోవడమే అసలు సంగతి. పట్టికలోనే కొద్దిమంది పిల్లలున్న ఇంటి సంరక్షణకు 1.59, పెద్ద కేంద్రానికి 2.45 ఉండటం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తున్నది. కాబట్టి అసలు కారకానికి పేరు "కేంద్రం" కాదు, "గుంపు". పేరు సరిగా పెట్టకపోతే, పనికి పోక తప్పని తల్లి బిడ్డను కేంద్రంలో దిగవిడిచినందుకు నిందపడుతుంది. ఇరుకు ఇంటిలో ఎనిమిదిమంది నడుమ పెరిగే బిడ్డకు మాత్రం ముప్పు లేదనిపిస్తుంది.

పట్టికనుండి ప్రయోగానికి

ఔలు పరిశోధకుల గొప్పతనం వారు పట్టికతో ఆగిపోకపోవడం. రబ్బరు పీక విషయంలో వారు మూడు మెట్లు ఎక్కారు. మొదట 845 మంది సంరక్షణ కేంద్రాల పిల్లలను 15 నెలలు గమనించి, పీక నోటిలో పెట్టుకొనేవారికి చెవిపోటు ఎక్కువసార్లు వస్తున్నదని 1995లో తెలిపారు. 1996లో పట్టిక వచ్చింది. అప్పటికి ఒక సందేహం మిగిలి ఉన్నది. చెవి బాధతో చిరాకుపడే బిడ్డకే తల్లి పీక ఇస్తున్నదేమో! అట్లయితే పీక వ్యాధిని తేలేదు, వ్యాధియే పీకను తెచ్చింది.

ఈ సందేహానికి ప్రయోగమే విరుగుడు. 14 శిశు ఆరోగ్య కేంద్రాలను ఏడు జంటలుగా చేసి, ప్రతి జంటలో ఒకదానిని చీటి తీసినట్లు ఎన్నుకొని, అక్కడి నర్సులచేత తల్లిదండ్రులకు బోధ చేయించారు. పీకను బిడ్డ నిద్రపోయేటప్పుడు మాత్రమే వాడమన్నారు. బోధ పొందిన పక్షంలో 272 మంది, పొందని పక్షంలో 212 మంది పిల్లలు ఉన్నారు. ఎడతెగకుండా పీక వాడే అలవాటు బోధ పొందిన పక్షంలో నూటికి 21 వంతులు తగ్గింది. చెవిపోటు నూటికి 29 వంతులు తక్కువగా వచ్చింది. ఈ ఫలితం 2000లో ప్రకటించబడింది.

ప్రయోగం శ్లాఘనీయమే. ఐనా ఒక లెక్క కుదరడం లేదు. పట్టిక ప్రకారం పీక ముప్పు 1.24. పీక వాడే పిల్లలందరూ ఒక్కసారిగా మానివేసినా 124 చెవిపోటులు 100కు దిగుతవి. తగ్గుదల నూటికి 19 వంతులు మాత్రమే. ప్రయోగంలో అందరూ మానలేదు, కొందరే తగ్గించారు. అట్లాంటప్పుడు 29 వంతుల తగ్గుదల ఎక్కడినుండి వచ్చింది? అరుదుగా వాడేవారిని కూడా చేర్చినందువల్ల పట్టికలోని 1.24 అసలు ముప్పును తక్కువచేసి చూపి ఉండవచ్చును. బోధ విన్న తల్లిదండ్రులు ఇతర విషయాలలో కూడా జాగ్రత్తపడి ఉండవచ్చును. తాము ఏ పక్షంలో ఉన్నదీ వారికి తెలుసు గనుక, చిన్న నలతను లెక్కచేయకుండా విడిచి ఉండవచ్చును. ఏడు జంటలలో యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కొంత కలిసి ఉండవచ్చును. ప్రయోగం దిశను చూపింది. పరిమాణాన్ని ఖాయం చేయలేదు. ఈ రెండింటికీ గల తేడాను గుర్తించడమే శాస్త్రీయ దృష్టి.

ఇదే ఫిన్లండునుండి వచ్చిన మరొక ప్రయోగం ఈ వినయాన్ని ఇంకా గట్టిగా నేర్పుతుంది. న్యూమోకాకస్ సూక్ష్మజీవిలోని ఏడు రకాలపై పనిచేసే టీకాను 1,662 మంది శిశువులలో పరీక్షించి 2001లో ఫలితం తెలిపారు. ఆ రకాలవల్ల వచ్చే చెవిపోటు నూటికి 57 వంతులు తగ్గింది. కాని అన్నివిధాల చెవిపోటులను కలిపి చూస్తే తగ్గినది ఆరు వంతులే. ఆ ఏడు రకాలు ఖాళీచేసిన చోటును ఇతర రకాలు కొంత ఆక్రమించినవి. ఒక శత్రువును తొలగించినా, పొట్టి నాళమూ, జలుబూ, గుంపూ అట్లాగే ఉన్నవి. భారతదేశంలో 2017లో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించిన న్యూమోకాకస్ టీకా న్యుమోనియానుండి, మెదడు పొరల వాపునుండి శిశువులను కాపాడటానికి ఉద్దేశించినది. ఆ టీకా వేయించాము గనుక ఇక చెవిపోటు రాదనుకోవడం పొరపాటు.

మూడవ చిక్కు: ఎవరి పిల్లలు?

పైన పేర్కొన్న 2015 నాటి తల్లిపాల సమీక్షలో 24 అధ్యయనాలు ఉన్నవి. అవన్నీ ఐరోపా, అమెరికాలలో జరిగినవే. 1996 నాటి పట్టిక తేల్చిన ముఖ్య కారకాలలో కూడా తల్లిదండ్రుల పొగత్రాగుడు ఉన్నదిగాని వంటింటి కట్టెలపొయ్యి లేదు. శిశు సంరక్షణ కేంద్రం ఉన్నదిగాని ఇరుకు గుడిసె లేదు. రబ్బరు పీక ఉన్నదిగాని వైద్యుడు అందుబాటులో లేకపోవడం లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఆ పట్టిక కొలిచినది ఉన్నట్టుండి వచ్చి తగ్గిపోయే చెవిపోటును. పల్లెలలో, బస్తీలలో పిల్లల చెవులను పాడుచేస్తున్నది చాలవరకు దాని తరువాతి దశ. కర్ణభేరికి రంధ్రం పడి రెండు వారాలకు మించి చీము కారుతూనే ఉండే వ్యాధి అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఈ చీముచెవితో బాధపడేవారు 6.5 కోట్లనుండి 33 కోట్లవరకు ఉంటారు. వారిలో నూటికి 60 మందికి చెప్పుకోదగినంత వినికిడి లోపం ఉన్నది. నూటికి నాలుగుకు మించి ఈ వ్యాధి ఉన్న ప్రాంతాలలో భారతదేశాన్ని కూడా ఆ సంస్థ చేర్చింది. ఫిన్లండు బిడ్డకు చెవిపోటు ఎందుకు వచ్చింది అన్నది ఒక ప్రశ్న. తెలుగు పల్లెలోని బిడ్డకు వచ్చిన చెవిపోటు ఎందుకు తగ్గలేదు అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి ఇచ్చిన సమాధానాన్ని రెండవదానికి అతికించరాదు.

తీర్పు, దాని ప్రయోజనం

1996 నాటి ఔలు పట్టిక విలువైన రచన. గుడ్డి నమ్మకాల స్థానంలో కొలతను నిలిపింది. కాని అది దారిచూపే దీపమేగాని తీర్పుచెప్పే ధర్మాసనం కాదు. ఒక్కొక్క బిడ్డకు వ్యాధి ఎందుకు వచ్చిందో అది చెప్పజాలదు. ఏ తల్లినీ దోషిగా నిలబెట్టజాలదు. దానిలోనుండి నిస్సందేహంగా తీసుకొని ఆచరించదగినవి కొన్ని ఉన్నవి. ఆరునెలలు తల్లిపాలే ఇవ్వడం, బిడ్డ ఉన్న గదిలో బీడీ, సిగరెట్టు కాల్చకపోవడం, రబ్బరు పీకను ఎల్లవేళలా నోటిలో ఉంచకపోవడం. వీటివల్ల చెవికి ఎంత మేలు కలుగుతుందన్నదానిపై వాదం ఉండవచ్చును. కీడు మాత్రం లేదు.

ఉపాధ్యాయులకు ఇందులో మరొక పని ఉన్నది. చెవిపోటు తగ్గిన తరువాత కూడా మధ్యచెవిలో ద్రవం వారాల తరబడి నిలిచి ఉండవచ్చును. అప్పుడు వినికిడి సుమారు 25 డెసిబెల్‌ల మేరకు తగ్గుతుంది. నొప్పి లేదు గనుక బిడ్డ చెప్పడు, ఇంటిలో గమనించరు. వెనుక బల్లమీద కూర్చున్న ఆ పిల్లవానికి ఉపాధ్యాయుని మాట సగమే వినబడుతుంది. పిలిస్తే పలకడు, ఒకటి అడిగితే మరొకటి చెబుతాడు. మొద్దు అనీ, మొండి అనీ పేరు పడుతుంది. చెవినుండి చీము కారే పిల్లవానిని తోటివారు దగ్గరకు రానివ్వరు. ఇంటిలో ఆ చెవిలోనే కాచిన నూనె పోస్తారు. రంధ్రం పడిన చెవిలో నూనెగాని, ఆకు పసరుగాని పోయడం ప్రమాదకరం.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలలో పరీక్షించవలసిన వ్యాధుల జాబితాలో మధ్యచెవి వాపును చేర్చింది. పరీక్షకు వైద్యబృందం వచ్చిననాడు ఏ పిల్లవానిని ముందు చూపాలో చెప్పగలవాడు ఉపాధ్యాయుడే. అంతవరకు ఆ పిల్లవానిని ముందు బల్లమీద కూర్చోబెట్టి, ముఖం కనబడేటట్లు నిలబడి పాఠం చెప్పడానికి ఏ పట్టికా అవసరం లేదు.